తూకం వేసేవాళ్ళే గాని తోడొచ్చేవాళ్ళేరీ?

మా కమాన్‌పూర్‌లో ఆదివరాహస్వామి బండరాతి మీద వెలిశాడు. ఒకప్పుడు చిన్నగా ఉన్న స్వామి ఏటా కొంచెం కొంచెం పెరుగుతున్నాడని భక్తుల నమ్మకం. ఎక్కడెక్కడి నుంచో వచ్చి మొక్కుకుంటారు. దేవుడు పెరిగితే మహిమ. మరి అదే ఊళ్ళో ఆడది పెరిగితే? నవ్వులాట!

"ఏం వదినా, ఏ దుకాణంల తెస్తున్నరు బియ్యం? మాకూ చెప్పరాదు!" అని ఒకావిడ. "గింత బలిసినవేందే, పెండ్లప్పుడు పుల్ల తీర్గుంటివి" అని మేనత్త. బస్సులో పక్కన కూర్చుంటే జరిగి జరిగి నిట్టూర్చే పెద్దమనిషి. ఇక ఫంక్షన్‌లో భోజనాల దగ్గర చూడాలి. మన విస్తరిలో ఏం పడిందో మనకంటే ఎదుటివాళ్ళకే బాగా గుర్తుంటుంది.

ఇంతమంది తూకం వేస్తున్నారు కదా, వీళ్ళలో ఒక్కరైనా "పద వదినా, రేప్పొద్దున నీతో నేనూ నడుస్తా" అన్నారా? నాకైతే వినిపించలేదు. నా తగువు అక్కడే.

లావుగా ఉన్న స్త్రీని చూడగానే లోకం ఓ తీర్పు చెప్పేస్తుంది: నోరు కట్టుకోలేదు, ఒళ్ళు వంచలేదు, మనసు గట్టిది కాదు. మనసు గట్టిది కాకపోతే ఈ బొగ్గుబాయిల సీమలో సంసారం నెట్టుకొచ్చేదా అండీ? మొదటి షిఫ్టుకు పోయే మనిషికి తెల్లవారకముందే సద్ది కట్టాలి. రెండో షిఫ్టు మనిషి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. అప్పుడు కూర వేడిచేసి, అన్నం పెట్టి, తనూ నాలుగు ముద్దలు తినాలి. రాత్రి షిఫ్టు చేసొచ్చిన మనిషి పగలు పడుకుంటే పిల్లల నోళ్ళు మూయించాలి. వారం తిరిగేసరికి షిఫ్టు మారుతుంది. తండ్రి ఒక షిఫ్టు, కొడుకు ఒక షిఫ్టు అయిన ఇళ్ళలో పొయ్యి ఆరేదెప్పుడు? బాయిలో పనిచేసేవాడికి ఎనిమిది గంటల షిఫ్టు ఒక్కటే. ఇంట్లో ఆవిడకు మూడు షిఫ్టులూ తనవే.

ఇప్పుడు చిన్న లెక్క చెప్తాను. రెండు చెంచాల చక్కెరతో టీ అంటే, చక్కెర ఒక్కటే నలభై క్యాలరీలు. వచ్చేవాడికో టీ, పోయేవాడికో టీ, వాళ్ళతో పాటు తనకో గుక్కెడు... అలా రోజుకు అయిదు టీలయితే రెండు వందల క్యాలరీలు. చెంచాడు నూనె నలభై అయిదు. గిన్నెలో మిగిలిన అన్నం "పారేస్తే పాపం" అని రాత్రి తనే తింటుంది. ఆ పాపం ఎక్కడికీ పోదు, నడుం చుట్టూ చేరుతుంది! ఇందులో తిండిపోతుతనం ఏ పాటిదో మీరే చెప్పండి. నిద్ర సగం, తిండి వేళాపాళా లేనిది, తనకంటూ వండుకున్నది ఏమీ లేదు.

ఇది ఏ ఒక్కావిడ గొడవో కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ లోపు స్త్రీలలో అధిక బరువున్నవాళ్ళు తెలంగాణలో నూటికి 30 మంది, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది. అదే సర్వేలో నడుం కొలతలు కూడా తీసుకున్నారు. దేశం మొత్తం మీద పొట్ట దగ్గర కొవ్వు పేరుకున్న స్త్రీలు నూటికి 40 మంది, మగవాళ్ళు 12 మంది. మరి ఇంతమంది ఆడవాళ్ళకు ఒక్కసారిగా మనోబలం పోయిందంటారా? లేక వాళ్ళు బతికే తీరులోనే ఏదో తేడా ఉందంటారా?

"మా అమ్మలు చేయలేదా అండీ ఇవన్నీ? వాళ్ళెందుకు లావెక్కలేదు?" అని అడిగేవాళ్ళున్నారు. మంచి ప్రశ్నే, దాటెయ్యను. మన అమ్మలు నీళ్ళు మోశారు, పిండి విసిరారు, రోట్లో రుబ్బారు. ఇవాళ నల్లా వచ్చింది, మిక్సీ వచ్చింది, గ్యాసు వచ్చింది. ఒంటికి కదలిక తగ్గిన మాట నిజం. అయితే ఒంటి చాకిరీ తగ్గినంతగా మన చేతికి తీరిక వచ్చిందా? రాలేదు. పిల్లల చదువులు, ఫీజులు, బ్యాంకు పనులు, ముసలివాళ్ళ మందులు వచ్చి ఆ ఖాళీలో కూర్చున్నాయి. పైగా మన అమ్మలకు నూనె పొదుపుగా దొరికేది. సకినాలు సంక్రాంతికి, గారెలు పండగకు. ఇప్పుడు అవి ఏ రోజు కావాలంటే ఆ రోజు మిఠాయి దుకాణంలో సిద్ధం. కాలం మారింది. ఆ మార్పు శిక్ష మాత్రం ఆడదాని ఒక్కదాని నెత్తిన వేయడం న్యాయం కాదు.

ఎగతాళి చేస్తే రోషం వచ్చి తగ్గుతారని కొందరి నమ్మకం. "నీ మంచికే అంటున్నా" అంటారు. అమెరికాలో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరువేల మందికి పైగా పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. బరువు గురించి అవమానాలు పడ్డామని చెప్పినవాళ్ళు, పడనివాళ్ళ కంటే స్థూలకాయులుగా మారే అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. మనకు ఈ సంగతి అమెరికా చెప్పాలా? అవమానపడ్డ మనిషి నలుగురిలోకి రాదు. ఇంట్లో కూర్చుంటుంది. ఇంట్లో కూర్చున్న మనిషికి తోడు వంటిల్లే కదా!

మా వైపు ఒకావిడ ఉంది. తొంభై కిలోలు దాటింది. మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. రక్తపోటుకి మాత్రలు రాసిన డాక్టరు, ఎప్పుడెప్పుడు ఎన్ని వేసుకోవాలో వివరంగా చెప్పి, చివర్లో "బరువు తగ్గాలమ్మా" అన్నాడట. ఎలా తగ్గాలి? ఎంత తగ్గాలి? ఎవరినడగాలి? ఆ ముక్కలేవీ చీటీలో లేవు. ఇంటికొచ్చి మొగుడితో చెప్తే, "ఇద్దరు బిడ్డల పెండ్లిళ్ళు చేసినవ్, ఇప్పుడు సోకెందుకే?" అన్నాడు. సోకట! మెట్లెక్కడం సోకా? మనవణ్ణి ఎత్తుకోవడం సోకా? అరవయ్యేళ్ళకి మంచాన పడకుండా ఉండాలనుకోవడం సోకా?

ఇంట్లో తోడు దొరకని మనిషి దగ్గరికి బజారు పరుగెత్తుకొస్తుంది. పది రోజుల్లో పది కిలోలన్న పొడి, కట్టుకుంటే కరిగిపోతుందన్న బెల్టు, పరగడుపున తాగమన్న కషాయం. బెల్టు కింద కారేది చెమట, కొవ్వు కాదు. గ్లాసుడు నీళ్ళు తాగితే ఆ బరువు తిరిగొస్తుంది. 2025లో బరువు తగ్గించే కొత్త సూదిమందులు మన దేశంలో అమ్మకానికొచ్చాయి. అవి నిజమైన మందులే. కాని డాక్టరు చూసి ఇవ్వాల్సినవి, ఖర్చుతో కూడినవి. అవి వాడినా తిండీ నడకా మారకుండా తీరదు. తిరిగి తిరిగి మొదటికే వస్తాం. మొదలుపెట్టడానికి ధైర్యం, నిలబడడానికి తోడు కావాలి.

తోడు ఎంత పని చేస్తుందో చూడండి. 1961లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో జీన్ నైడెచ్ అనే గృహిణి తొంభై ఏడు కిలోలుండేది. ఆరోగ్యశాఖ క్లినిక్‌లో తిండి పట్టిక ఇచ్చారు. పట్టిక చేతిలో ఉంది కాని మనసు నిలవలేదు. ఆరుగురు స్నేహితురాళ్ళని ఇంటికి పిలిచి ఉన్న సంగతి చెప్పుకుంది. వాళ్ళూ చెప్పుకున్నారు. వారం వారం కలిశారు. ఏడాది తిరిగేసరికి ఆవిడ ముప్ఫై కిలోలకు పైగా తగ్గింది. తర్వాత 1963లో అది పెద్ద వ్యాపారమైంది. ఆ వ్యాపారం సంగతి మనకొద్దు. ఆ ఆరుగురు కూర్చున్న గది ముఖ్యం మనకి.

శాస్త్రం కూడా ఆ మాటే అంటుంది. మధుమేహం అంచున ఉన్న మూడు వేల పైచిలుకు మంది మీద అమెరికాలో చేసిన పరిశోధన 2002లో అచ్చయింది. ఒంటి బరువులో ఏడు శాతం తగ్గడం, వారానికి నూటయాభై నిమిషాలు నడవడం... లక్ష్యం ఇంతే. నేర్పడానికీ, వెన్ను తట్టడానికీ మనిషినిచ్చారు. మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మాత్రలు వాడినవాళ్ళలో తగ్గింది 31 శాతమే. "అది అమెరికా, మనకు కుదురుతుందా?" అనకండి. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం 2006లో ప్రకటించిన అధ్యయనంలో కూడా తిండి, నడక మార్చుకున్నవాళ్ళలో ఆ ముప్పు 28.5 శాతం తగ్గింది.

తోడు కూడడం మనకు కొత్త విద్యా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు ఏకమై సారా దుకాణాన్ని మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1982లో మొదలైన డ్వాక్రా పథకం నుంచి ఇవాళ్టి మహిళా సంఘాల దాకా, పదిమంది ఆడవాళ్ళు వారం వారం కూర్చుని పైసా పైసా లెక్క రాస్తున్నారు. ఒకావిడ కిస్తీ కట్టకపోతే మిగిలినవాళ్ళు ఆవిడ గడప తొక్కుతారు. బతుకమ్మ నాడు వంగి, లేచి, చప్పట్లు కొడుతూ గంటలు గంటలు తిరుగుతామే, అప్పుడు మోకాళ్ళు గుర్తొస్తాయా? పక్కన పదిమంది ఉన్నారు గనక రావు. అప్పుకు పనికొచ్చిన సంఘం ఆరోగ్యానికి పనికిరాదా?

అయిదుగురు చాలు. వారానికో రోజు, ఒకరి ఇంట్లో. ఒక కొలత టేపు, ఒక నోటు పుస్తకం. మన స్త్రీలకు నడుం ఎనభై సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలంటారు వైద్యులు. కొలుచుకోండి, రాసుకోండి. పెరిగినావిడను ఎవరూ ఒక్క మాట అనకూడదు. అది సంఘం మొదటి నియమం. మొదటి నెల అన్నంలో పావువంతు తగ్గించి ఆ చోట పప్పు, కూర పెంచండి. టీలో చక్కెర సగం చేయండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనలు కూడా నూనె మితంగానే వాడమంటున్నాయి. మీ ఇంట్లో నూనె డబ్బా ఎన్ని రోజులకు అయిపోతోందో లెక్కగట్టండి. కళ్ళు తెరుచుకుంటాయి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నడవండి. రామగుండం ఎండలు తెలుసుగా! ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవాళ్ళు, మోకాళ్ళు, గుండె బాగాలేనివాళ్ళు ముందు డాక్టరునడగాలి. తొంభై కిలోల మనిషి అరవైకి రావాలని కలగనక్కర్లేదు. ముందు నాలుగున్నర కిలోలు, అంటే అయిదు శాతం. అంతమాత్రానికే రక్తపోటులో, చక్కెరలో మేలు కనబడుతుంది.

ఇక అడగవలసినవాళ్ళని కూడా అడుగుదాం. అయ్యా, ఇంటాయనా! రెండో షిఫ్టు నుంచి వచ్చి నీ అన్నం నువ్వు వడ్డించుకో. అర్ధరాత్రి నిద్ర ఆవిడకూ ఒంటికి అవసరం. పొద్దున ముప్పావుగంట పిల్లల్ని చూసుకో. కూరలో నూనె తగ్గితే కంచం తోసెయ్యకు, ఆ తగ్గింపు నీ గుండెకూ మంచిదే. కంపెనీవారూ! బాయిలో దిగే మనిషికి నిర్ణీత కాలానికి వైద్యపరీక్ష చేయాలని గనుల చట్టాలే చెప్తున్నాయి. ఆ మనిషికి సద్ది కట్టే ఇల్లాలికి జబ్బు చేశాక వైద్యం ఉంది సరే. జబ్బు రాకముందే పిలిచి, తూచి, దారి చెప్పే రోజొకటి పెట్టండి. కాలనీ మైదానాల్లో తెల్లవారుజామున దీపాలు వెలిగించండి, చీకట్లో కుక్కల మధ్య ఏ ఆడది నడుస్తుంది? సర్కారువారూ! 2023 మార్చి 8న కరీంనగర్‌లో ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు బరువు నియంత్రణ కూడా అందులో ఉంటుందన్నారు. ఆ మాట ప్రతి ఊరి ఆడదాని చెవిన పడాలి. చీటీ మీద "తగ్గాలమ్మా" అన్న మాటతో పాటు, ఎక్కడికి వెళ్ళాలో చిరునామా ఉండాలి.

ఇవన్నీ జరిగేదాకా ఆగుదామా? ఆగొద్దు. అడగడం మానొద్దు, ఆరంభం ఆపొద్దు. "నేను లావుగా ఉన్నాను" అని తనకు తాను తెలుసుకోని స్త్రీ లేదు. ఆ సంగతి ఆవిడకు చెప్పే ఉపకారం ఎవరూ చేయనక్కర్లేదు. ఈసారి మీ వాకిట్లోంచి వెళ్ళే లావుపాటి వదినని చూసి నోట్లో ఏ మాటైనా మెదిలితే మింగేయండి. చెప్పులేసుకుని ఆవిడ పక్కన నాలుగడుగులు నడవండి. అదీ చేతకాకపోతే, కనీసం దారి ఇవ్వండి.