ఖరగ్‌పూర్ పల్లెబడిలో పరాయి పంతులు

జీతం లేకుండానో, పొట్టకు సరిపడే భత్యం మాత్రమే పుచ్చుకొనో, తనది కాని ఊళ్లో, తనకు రాని భాష మాట్లాడే పిల్లలకు కొంతకాలం చదువు చెప్పి వెళ్లిపోయేవారిని స్వచ్ఛంద ఉపాధ్యాయులు అంటున్నారు. ఈ పద్ధతికి పేరు తెచ్చిపెట్టింది ఆఫ్రికా. 1961 మార్చిలో అమెరికా అధ్యక్షుడు కెనడీ నెలకొల్పిన పీస్ కోర్, అంటే యువతీ యువకులను సేవ కోసం ఇతర దేశాలకు పంపే ప్రభుత్వ సంస్థ, తన మొదటి జట్టుగా 51 మంది ఉపాధ్యాయులను ఆ ఆగస్టులోనే ఘనాకు పంపింది. అక్రా విమానాశ్రయంలో దిగీ దిగగానే వారు అక్కడి ట్వి భాషలో పాట పాడి మెప్పు పొందారు. బళ్లలో మాత్రం పాఠాలు ఇంగ్లిషులోనే చెప్పారు. ఆ పాటకూ ఆ పాఠానికీ మధ్య ఉన్న దూరమే ఈ వ్యవస్థలోని అసలు చిక్కు. దాన్ని చూడడానికి ఆఫ్రికా దాకా పోనక్కరలేదు, పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ చాలు.

1931లో రాజకీయ ఖైదీలపై పోలీసులు కాల్పులు జరిపిన అక్కడి హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలోనే 1951లో దేశపు తొలి ఐఐటీ వెలిసింది. ఆంధ్ర, తెలంగాణల నుంచి అక్కడికి ఏటా చేరే విద్యార్థులకు ప్రాంగణపు గోడ దాటగానే సంతాల్, లోధా ఆదివాసీ కుటుంబాలున్న పల్లెలు కనిపిస్తాయి. 1969లో గాంధీజీ శతజయంతి సంవత్సరంలో మొదలైన జాతీయ సేవా పథకం కింద కొందరు, 2002లో పుట్టి విద్యార్థుల చేతుల మీదుగానే నడుస్తున్న గోపాలి యూత్ వెల్ఫేర్ సొసైటీ వంటి సంస్థల ద్వారా మరికొందరు ఆ పల్లెల పిల్లల చదువుకు తోడ్పడుతుంటారు. పాస్‌పోర్టు అవసరం పడదన్న ఒక్క మాట తప్పిస్తే, గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన పందొమ్మిదేళ్ల కుర్రవాడు అక్కడ అన్ని విధాలా విదేశీయుడే.

అతని తొలి తడబాటు అంకెల దగ్గరే మొదలవుతుంది. బెంగాలీ లిపిలో నాలుగు అంకె అచ్చం మనం వాడే 8లా, ఏడు అంకె ఇంచుమించు 9లా ఉంటుంది కనుక, ఇరవై మూడూ ఇరవై నాలుగూ కలిపి నలభై ఏడని పిల్లవాడు సరిగ్గానే రాసినా, ఆ లిపి తెలియని పంతులు దాన్ని 89గా చదివి తప్పు కొట్టేస్తాడు. తన లెక్క ఎక్కడ తప్పిందో ఆ పిల్లవాడికి ఎంత ఆలోచించినా బోధపడదు, ఎందుకంటే అది తప్పలేదు. ఇక మాట సంగతి: ప్రశ్న పుస్తకంలో ఇంగ్లిషులో ఉంటుంది, వివరణ వచ్చీరాని హిందీలో సాగుతుంది, జవాబు బెంగాలీలో వస్తుంది. 1925లో రఘునాథ్ ముర్ము ఓల్ చికీ అనే సొంత లిపిని సమకూర్చిన, 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు దొరికిన సంతాలీని ఇంట్లో మాట్లాడే పిల్లకైతే ఆ బెంగాలీ కూడా బడిలో నేర్చిన భాషే. ఇవన్నీ సర్దుకొని, పేర్లు నోటికి పట్టి, ఏ పిల్ల ఎక్కడ వెనకబడుతోందో తెలిసివచ్చేసరికి మిడ్‌సెమ్ పరీక్షలు ముంచుకొస్తాయి. ఆ తరువాత దుర్గాపూజ సెలవులు, ఆపైన సెమిస్టర్ పరీక్షలు. పంతులు మానేసిన రోజుల్లోనూ పిల్లలు పలక పట్టుకొని వస్తూనే ఉంటారు.

1968లో ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడు మెక్సికోలో అమెరికా విద్యార్థి సేవకుల ఎదుటే నిలబడి, చూడడానికి రండి, నేర్చుకోవడానికి రండి, ఉద్ధరించడానికి మాత్రం రావద్దని కరాఖండిగా చెప్పాడు. ఆ మాటలో సగమే నిజం ఉంది. ఎవరూ రాని ఊళ్లో ఒక్కరైనా రావడం పిల్లలకు మేలే. నిజమైన ఆ సగాన్ని టాంజానియా అధ్యక్షుడు న్యెరేరె చేసి చూపాడు. స్వయంగా బడిపంతులైన ఆయన 1967లో స్వావలంబన విద్యను ప్రభుత్వ విధానంగా ప్రకటించాడు, ప్రాథమిక బడిలో బోధన స్వాహిలీలోకి మారింది. పసిపిల్లల తరగతి ఊరిమనిషి చేతికి వచ్చింది, పరాయి ఉపాధ్యాయుడి అవసరం పైతరగతులకు పరిమితమైంది.

చదువు చెప్పేవారికి ఊరి మీద గౌరవం లేకపోతే ఏమవుతుందో ఖరగ్‌పూర్ ఉన్న జిల్లాకు తెలుసు. బ్రిటిషువారు నేరస్థ తెగగా ముద్ర వేసిన లోధా శబర సమాజంలో మొట్టమొదటి పట్టభద్రురాలైన చూనీ కోటాల్, ఉన్నత విద్యలో కులం పేరిట వేధింపులు ఎదుర్కొన్నానని ఫిర్యాదు చేసి, చివరకు 1992లో ప్రాణం తీసుకుంది. ఇంతకంటే పెద్ద హెచ్చరిక ఏ సేవకుడికీ అక్కరలేదు.

మరి ఊరినీ ఊరి భాషనూ ఎరిగినవారు ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడే ఖరగ్‌పూర్ తెలుగువారి ప్రస్తావన తేవాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపు పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వలస వచ్చి మథురాకాటి, నిమ్‌పురా వంటి కాలనీల్లో స్థిరపడిన కుటుంబాల మూడో, నాలుగో తరానికి తెలుగు, బెంగాలీ, హిందీ మూడూ వీధిలో ఆడుకుంటూ వచ్చినవే. 2020 చివర్లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి వీరి సంఖ్యాబలమూ ఒక కారణం. ఐఐటీకి వచ్చే తెలుగు విద్యార్థులు, విచిత్రంగా, ఈ కాలనీల వైపు పెద్దగా తొంగిచూడరు. ఆ కాలనీల్లో డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయికి బెంగాలీ అంకెలు ఎవరూ నేర్పనక్కరలేదు, సెమిస్టర్ అయిపోతే ఆమె రైలెక్కి వెళ్లిపోదు కూడా. అందువల్ల సేవకు చందాలిచ్చే పూర్వ విద్యార్థులూ, తెలుగు సంఘాలూ ఏటేటా కొత్త కుర్రవాళ్లను పంపడం కంటే, ఇటువంటి స్థానిక యువతులకు, అంతకంటే ముందుగా సంతాలీ వచ్చిన పల్లె యువతకు నెలజీతం ఇచ్చి తరగతి అప్పగించాలి. ఐఐటీ విద్యార్థి వారికి సహాయకుడిగా, పుస్తకాలూ పరికరాలూ సమకూర్చేవాడిగా ఉంటే సరిపోతుంది.