తాతయ్య టోపీ ఏం చెబుతుంది?

పాత పెట్టెలో తాతయ్య ఫొటో దొరికింది. నల్లకోటు, టోపీ. 'నేవీలో చేశారు' అంటారు ఇంట్లో. కానీ నేవీ రికార్డుల్లో పేరుండదు! ముందు కోటు చేతి పట్టీలు చూడండి. పై పట్టీ గుండ్రంగా మెలి తిరిగితే నేవీ అధికారి. మధ్యలో డైమండ్ గుర్తుంటే మర్చంట్ నేవీ. బ్రిటన్ 1918లో నిర్ణయించిన యూనిఫాం అది. బంగారు పట్టీల మధ్య ఊదారంగు ఉంటే ఇంజినీరు, ఎరుపైతే డాక్టరు, తెలుపైతే పర్సర్. నలుపు తెలుపు ఫొటోలో ఈ రంగులు తెలియవు. అందుకే కోటు ఉంటే పారేయకండి. టోపీ బిళ్ల మధ్యలో చిన్న జెండా కనిపిస్తే అది చాలావరకు ఓడల కంపెనీ జెండాయే. దాన్ని తోమితే రంగు పోతుంది, జాగ్రత్త. ఇక ఓడ పేరు? అది నానమ్మకే గుర్తుండాలి. ఈ ఆదివారమే అడిగి, ఫొటో వెనక పెన్సిల్‌తో రాసిపెట్టండి.