జలాశయం ఒడ్డు కదులుతుంది

అక్టోబరు దాటాక తెలుగు రాష్ట్రాల నుంచి బస్తర్‌కు పర్యాటకుల రాక పెరుగుతుంది. కొందరు భద్రాచలం, కుంట, సుక్మా మీదుగా 30వ నంబరు జాతీయ రహదారిపై వస్తారు. మరికొందరు విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలెక్కి జగదల్‌పూర్‌లో దిగుతారు. ఒకప్పుడు చిత్రకోట్, తీరథ్‌గఢ్ జలపాతాలను చూసి తిరుగుముఖం పట్టడమే యాత్ర. ఇప్పుడు నీటి మీద విహరించడం, నీటి పక్కన గుడారం వేసుకుని నిద్రపోవడం కూడా అందులో చేరుతున్నాయి. కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనం పరిధిలోని ధుడ్‌మారస్ గ్రామస్థులు పర్యాటకులకు తమ ఇళ్లలో బస ఇస్తున్నారు, వెదురు తెప్పలు నడుపుతున్నారు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో ఉత్తమ పర్యాటక గ్రామాల ఉన్నతీకరణ కార్యక్రమానికి ఎంపిక చేసిన 20 గ్రామాల్లో ఇది ఒకటి. బస్తర్ ఉత్తర సరిహద్దు దాటగానే ధమ్‌తరీ జిల్లాలో మహానదిపై ఉన్న గంగ్రేల్ జలాశయంలో పడవ విహారం, ఒడ్డున బసలు ఇప్పటికే ఉన్నాయి.

ఇది మంచి పరిణామమే. దశాబ్దాల హింసతో వార్తల్లో నిలిచిన ప్రాంతానికి ఇలాంటి ఆదాయం అవసరం. అయితే నీటి పక్కన విహారానికి అనుమతులు ఇచ్చేటప్పుడు గదులు, రోడ్లు, పడవల సంఖ్య మీద జరిగినంత చర్చ నీటిమట్టం మీద జరగదు. జలాశయం, నది ఒడ్డున ప్రాణాలను కాపాడేదీ తీసేదీ మాత్రం ఆ నీటిమట్టమే.

చెరువు వేరు, జలాశయం వేరు

జగదల్‌పూర్ నగరంలోని దల్‌పత్ సాగర్ వంటి పాత చెరువులో నీరు నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గుతుంది. ఆనకట్ట కట్టిన జలాశయం అలా ఉండదు. ఎగువన కురిసిన వాన, పొలాలకు వదలాల్సిన నీరు, తాగునీటి అవసరం, విద్యుదుత్పత్తి, వరదను ఆపుకోవడానికి ఉంచాల్సిన ఖాళీ అన్నీ కలిసి దాని మట్టాన్ని నిర్ణయిస్తాయి. కాంకేర్ జిల్లాలో మహానదిపై ఉన్న దుధావా జలాశయం నుంచి వదిలిన నీరు దిగువన గంగ్రేల్‌కు చేరుతుంది. అంటే ఒక జలాశయం ఒడ్డు ఎక్కడ ఉండాలో కొంతవరకు మరో జలాశయం గేట్ల దగ్గర తేలుతుంది.

జలాశయం ఒడ్డు చాలాచోట్ల వాలుగా, చదునుగా ఉంటుంది. గుడారం వేయడానికి నచ్చే చోటు కూడా అదే. వంద మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు పెరిగే నేలను ఊహించుకుంటే లెక్క సులువుగా తెలుస్తుంది. నీటిమట్టం ఒక మీటరు పెరిగితే నీరు వంద మీటర్లు ముందుకు వస్తుంది. అంచుకు యాభై మీటర్ల దూరంలో గుడారం వేసుకున్నవారు తాము సురక్షితంగా ఉన్నామనుకుంటారు. అర మీటరు పెరుగుదల చాలు, నీరు వారి పడకల కిందికి చేరడానికి. అందుకే గుడారానికి దూరాన్ని ఆ రోజు నీటి అంచు నుంచి కొలవకూడదు. జలాశయం నిండినప్పుడు నీరు చేరే రేఖను రాళ్లు పాతి గుర్తించి, దానికి పైన కొంత ఎత్తు వదిలి అక్కడి నుంచే కొలవాలి.

నీరు తగ్గినప్పుడు ప్రమాదం మరో రూపంలో వస్తుంది. పైన ఎండి పగిలిన ఒండ్రు కింద మెత్తటి బురద ఉంటుంది. ఆనకట్ట కట్టకముందు అక్కడున్న చెట్ల మోడులు నీటికి కాస్త కిందుగా నిలుస్తాయి. నిండు నీటిలో సాఫీగా వెళ్లిన పడవ మట్టం తగ్గాక అదే దారిలో మోడుకు తగలవచ్చు. బయటపడిన ఆ నేల ఖాళీ స్థలమూ కాదు. తీతువు పిట్టలు గూడు కట్టకుండా ఇలాంటి బట్టనేల మీదే, గులకరాళ్ల మధ్య గుడ్లు పెడతాయి. రాయికీ గుడ్డుకూ తేడా తెలియని వాహనం చక్రం కింద ఆ ఏటి సంతానం పోతుంది.

మరచిపోకూడని మూడు తేదీలు

నీటిమట్టాన్ని చూడకపోవడం, లేదా చూసినా చెప్పకపోవడం ఎంత ఖరీదైనదో తెలుగువారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లాలో బియాస్ నది రాళ్ల మీద హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఫొటోలు తీసుకుంటున్నారు. అక్కడ నీరు చీలమండల లోతే ఉంది. ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు కొద్దిసేపట్లోనే వారిని చుట్టుముట్టింది. 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న యాత్ర నిర్వాహకుడు కొట్టుకుపోయారు. ఆ నీరు వస్తున్నట్టు గేట్ల దగ్గర తెలుసు, నది మధ్యలో ఉన్నవారికి తెలియలేదు.

2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడటానికి బయల్దేరిన లాంచీ దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగింది. ఆ సమయంలో నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. అంటే సెకనుకు 14 వేల ఘనపు మీటర్లకు పైగా నీరు. ప్రవాహ వేగం రెట్టింపైతే అది పడవ మీద చూపే బలం నాలుగు రెట్లవుతుంది. అలాంటి నీటిలో ఇంజను సామర్థ్యం, సరంగు అనుభవం రెండూ చాలకపోవచ్చు. యాభై మందికి పైగా ప్రాణాలు పోయాయి. గోదావరి వరదలో ఉందన్నది ఆ రోజు ఎవరికీ తెలియని సమాచారం కాదు.

2024 జనవరి 18న వడోదరలోని హర్ని చెరువులో పడవ బోల్తా పడి 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించారు. అక్కడ వరద లేదు, ప్రవాహం లేదు. పరిమితికి మించిన బరువు ఉంది, అందరికీ లైఫ్ జాకెట్లు లేవు. నిలకడ నీరు కదా అన్న ధీమాకు ఆ చెరువే సమాధానం.

పడవ ఎందుకు తిరగబడుతుంది

పడవ తేలడం ఒక విషయం, నిలకడగా తేలడం మరో విషయం. పడవ పక్కకు ఒరిగినప్పుడు నీటిలో మునిగిన భాగం ఆకారం మారి, దాన్ని తిరిగి నిటారుగా నిలిపే బలం పుడుతుంది. బరువు కిందుగా ఉన్నంతవరకు ఆ బలం గెలుస్తుంది. జనం లేచి నిలబడినా, పై అంతస్తుకు ఎక్కినా, ఫొటో కోసం ఒకే పక్కకు చేరినా గరిమనాభి పైకో పక్కకో జరుగుతుంది. ఒక హద్దు దాటాక పడవ ఇక నిటారుగా రాదు, బోల్తా పడుతుంది. అప్పుడు సంచిలో ఉన్న లైఫ్ జాకెట్‌ను తీసి తొడుక్కునే వ్యవధి ఉండదు. మనిషి సాంద్రత నీటి సాంద్రతకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ముక్కు, నోరు నీటిపైన నిలవడానికి కావలసిన అదనపు తేలుడు కొన్ని కిలోల బరువుకు సమానం, అంతే. ఆ కాస్త సాయం అందాలంటే జాకెట్ ఒంటి మీద, పట్టీలు బిగించి ఉండాలి.

కాంగేర్ నది మీద నడిచే వెదురు తెప్పకు ఈ విషయంలో ఒక సహజ గుణం ఉంది. వెదురు కణుపుల మధ్య గాలి గదులు విడివిడిగా ఉంటాయి. ఒక బొంగు చీలినా మిగతావి తేలుతాయి. తెప్ప వెడల్పుగా, నీటికి అంటుకుని ఉంటుంది కాబట్టి కూర్చున్నవారి బరువు కిందుగానే నిలుస్తుంది. నెమ్మదిగా పారే, లోతు తక్కువ నీటికి ఇది సరైన సాధనం. ఉరకలెత్తే నీటిలో మాత్రం తెప్పను నిలపడానికి గడకర్ర పనికిరాదు. తెప్ప నడిపే గ్రామస్థులకు ఇది పుస్తకాల కంటే బాగా తెలుసు. పర్యాటకుల సంఖ్య పెరిగినప్పుడు వారి మాట చెల్లుతుందా అన్నదే ప్రశ్న.

ఆకాశం నిర్మలం, నది నిండు

బస్తర్ నదుల్లో నీరు అక్కడి వానతోనే రాదు. ఇంద్రావతి ఒడిశాలోని కలహండిలో పుట్టి, ఆ రాష్ట్రాన్ని దాటి జగదల్‌పూర్ చేరుతుంది. చిత్రకోట్ వద్ద ఎండ కాస్తున్నా ఎగువన కురిసిన వాన గంటల తర్వాత జలపాతం దగ్గరకు వస్తుంది. ముందుకు సాగి ఆ నది గోదావరిలో కలుస్తుంది. సుక్మాను ఒరుసుకుంటూ పారే శబరి కూనవరం వద్ద గోదావరిలో చేరుతుంది. పాపికొండల మధ్య సాగే ప్రవాహంలో బస్తర్ వాన కూడా ఉంటుంది. తల పైన మబ్బు చూసి నిర్ణయం తీసుకోవడం ఇలాంటి నదుల దగ్గర చాలదు. ఎగువ వర్షపాతం, ఎగువ నీటిమట్టం చూడాలి.

ఈ సమాచారం సేకరించే వ్యవస్థలు దేశంలో ఉన్నాయి. కేంద్ర జల సంఘం నదుల మట్టాలను నమోదు చేసి వరద సూచనలు ఇస్తుంది. భారత వాతావరణ శాఖ జిల్లాలవారీగా హెచ్చరికలు జారీ చేస్తుంది. పిడుగుల ముప్పును పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ రూపొందించిన దామిని యాప్ తెలియజేస్తుంది. గుడారం పిడుగు నుంచి రక్షించదని, పెద్ద చెట్టు కింద నిలబడటం మరింత ప్రమాదమని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. పడవ ప్రయాణాల భద్రతకు జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2021 నాటి అంతర్గత జలరవాణా నౌకల చట్టం ఇంజను లేని పడవలను కూడా లెక్కలోకి తెచ్చి, వాటి నమోదులో స్థానిక సంస్థలకు పాత్ర ఇచ్చింది. లోపం సమాచారంలో లేదు. ఫోన్ సిగ్నల్ అందని అడవిలో, రేవు దగ్గర నిలబడిన మనిషికి అది చేరడంలో ఉంది.

రాత్రి బసకు మరో జాగ్రత్త అవసరం. బస్తర్‌లో మలేరియా భారం ఎక్కువ. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో మొదలుపెట్టిన ‘మలేరియా రహిత బస్తర్’ కార్యక్రమంలో ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్షలు చేస్తే, లక్షణాలు లేనివారిలోనూ పరాన్నజీవి కనిపించింది. వ్యాధిని మోసే అనాఫిలిస్ దోమ కుట్టేది రాత్రిపూట. దోమతెర లేని గుడారానికి అనుమతి ఇవ్వకూడదు. ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియా సాధారణంగా కుట్టిన ఒకటి, రెండు వారాల తర్వాత బయటపడుతుంది. అప్పటికి పర్యాటకుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటాడు. జ్వరం వస్తే బస్తర్ వెళ్లొచ్చానని వైద్యుడికి చెప్పాలన్న ఒక్క వాక్యం టిక్కెట్టు వెనుక అచ్చువేస్తే చాలు, రోగనిర్ధారణలో విలువైన సమయం మిగులుతుంది.

ఆపిన రోజు కూలి ఎవరిస్తారు

ప్రతి రేవులో అంకెలు వేసిన ఒక గేజి స్తంభం, దానిపై ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతలు ఉండాలి. ఎరుపు గీత ఎక్కడ ఉండాలో జలవనరుల శాఖ ఇంజనీర్లు, ఆ నీటిని ఎరిగిన గ్రామస్థులు కలిసి నిర్ణయించాలి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మట్టం చూసి రాసే బాధ్యత శిక్షణ పొందిన ఒక స్థానికుడికి ఇవ్వాలి. ఆనకట్ట నియంత్రణ గది నుంచి ఆ మనిషికి వైర్‌లెస్ ద్వారా నేరుగా కబురు రావాలి. గేట్లు ఎత్తే ముందు మోగే సైరన్ దిగువ గుడారాల వరకు వినిపించాలి. ఇవేవీ ఖరీదైనవి కావు, కొత్తవీ కావు.

అసలు చిక్కు వేరే ఉంది. నీరు ఎర్ర గీత దాటిన రోజున పడవ ఆపితే ఆ రోజు కూలి పోయేది పడవ నడిపేవాడికి. వంద కిలోమీటర్ల దూరం నుంచి వచ్చిన పర్యాటకులు బతిమాలతారు, ఎక్కువ డబ్బు ఇస్తామంటారు. ఇంట్లో పొయ్యి వెలగాల్సిన మనిషిని ఆ నిర్ణయం ముందు ఒంటరిగా నిలబెట్టి, ప్రమాదం జరిగాక అతన్నే దోషిని చేయడం న్యాయం కాదు, తెలివైన పనీ కాదు. అందుకే ప్రతి టిక్కెట్టులో కొంత భాగాన్ని విడిగా నిధిగా ఉంచి, పడవలు ఆపిన రోజున సిబ్బందికి కూలి చెల్లించాలి. ఆపే అధికారం టిక్కెట్లు అమ్మేవారి చేతిలో కాక, గేజి చూసేవారి చేతిలో ఉండాలి.

ఇన్ని షరతులు పెడితే ఇప్పుడిప్పుడే చిగురిస్తున్న పర్యాటకం దెబ్బతింటుందని కొందరంటారు. వారి ఆందోళనను తోసిపుచ్చలేం. పదిమంది పర్యాటకులు వెనక్కి వెళ్లినా చిన్న గ్రామానికి అది నష్టమే. అయితే కచ్చులూరు తర్వాత పాపికొండల విహారం చాలా నెలలు ఆగిపోయింది. ఆ ప్రమాదంతో సంబంధం లేని పడవలవారు, వంటవారు, రేవులో చిన్న దుకాణాలవారు కూడా ఆదాయం కోల్పోయారు. ఏడాదిలో కొన్ని రోజులు ఆపడం కంటే ఒక్క ప్రమాదం ఖరీదే ఎక్కువ.

బస్తర్‌కు ఈ క్రమశిక్షణ కొత్త కాదు. కాంగేర్ లోయలోని కుటుమ్‌సర్ సున్నపురాయి గుహను ఏటా వర్షాకాలంలో మూసేస్తారు, ఎందుకంటే వాన నీరు లోపలికి చేరుతుంది. ఆ మూత వల్ల ఆ గుహకు ఆదరణ తగ్గలేదు. నీరు తగ్గాక తలుపు తెరుస్తారని తెలిసినవారు అప్పుడే వస్తారు. గుహకు పాటిస్తున్న నియమాన్నే రేవుకూ, గుడారానికీ పాటించాలి. ఈ చలికాలం కొత్త రేవులకు అనుమతి పత్రాలు రాసే అధికారులు అందులో పడవల సంఖ్య కంటే ముందు ఎర్ర గీత ఎత్తును రాస్తే ఆ పని మొదలైనట్టే.