మేళగాళ్ళ గోడు వినేదెవరు?

మంచి ముహూర్తం ఉన్న రాత్రి అన్నవరం కొండపై సందడి చెప్పనలవి కాదు. సత్యదేవుని సన్నిధిలో పెళ్ళి చేస్తామని మొక్కుకున్నవారు, ఊళ్ళో ఖర్చుకు తట్టుకోలేనివారు అందరూ రత్నగిరి ఎక్కుతారు. ఒకే లగ్నానికి పక్కపక్కనే ఎన్నో పెళ్ళిళ్ళు జరుగుతాయి. పురోహితుడు చెయ్యి ఊపగానే గట్టిమేళం అందుకుంటుంది. అదే క్షణాన పక్క పెళ్ళి మేళమూ అందుకుంటుంది. ఏ మేళం ఎవరిదో పెళ్ళివారికే తెలియదు. ఇక సన్నాయి ఊదేవానికి తన శ్రుతి తనకు వినపడేదెలా?

స్వామి సేవకు ఉన్న ఆలయ మేళం సంగతి వేరు. ఇక్కడ ప్రస్తావన పెళ్ళివారు బయట మాట్లాడుకుని తెచ్చుకునే సన్నాయి మేళాలది, బ్యాండు మేళాలది.

మేళం లేని పెళ్ళి పెళ్ళే కాదంటారు. కాని ఖర్చుల జాబితాలో మేళానిది చివరి వరస. వంటవారికి, పూలవారికి, ఫొటోలవారికి అడిగినంత ఒప్పుకున్నవారు మేళగాళ్ళ దగ్గరే గీచి గీచి బేరమాడతారు. రెండు గంటలు ఊదడానికి అంత డబ్బా అంటారు. ఆ రెండు గంటల కోసం మధ్యాహ్నమే డోలు భుజాన వేసుకుని బస్సెక్కడం, తెల్లవారుజాము ముహూర్తం దాకా ఒక మూల కునికిపాట్లు పడడం, అందరి భోజనాలూ అయ్యాక ఆఖరి బంతిలో కూర్చోవడం లెక్కలోకి రావు. మిగిలిన బాకీ అప్పగింతలప్పుడు అడగాలి. ఆడపిల్ల తల్లిదండ్రులు కన్నీళ్ళు పెట్టుకునే వేళ చెయ్యి చాపడానికి ఎవరికి నోరు వస్తుంది?

మేళంలో మేళానికే ఉన్న చిక్కులు మరికొన్ని. ముహూర్తాలన్నీ కొద్ది రోజుల్లో కుప్పగా వస్తాయి. ఆ రోజుల్లో డోలు వాద్యగాడు దొరకడు. క్లారినెట్ వాయించేవాడు ఇంకో ఊరి మేళంలో చేరిపోయి ఉంటాడు. ఎన్నడూ కలిసి కూర్చోని నలుగురిని పోగుచేసి నాయకుడు బయలుదేరాలి. ఒకరి తాళం ఒకరికి కుదరదు, మాట మాత్రం నాయకునికి వస్తుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం వస్తే పిలిచేవారుండరు. 2020లో కరోనా లాక్‌డౌన్ సరిగా పెళ్ళిళ్ళ కాలంలోనే వచ్చి, ఏడాది తిండిగింజలు ఎత్తుకుపోయింది.

దీనికి తోడు డి.జె. పెట్టెలు వచ్చాయి. అవి ఊరేగింపులో మోగుతుంటే సన్నాయి వినపడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు కూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నా, పెళ్ళి ఊరేగింపులో ఆ మాట ఎత్తేవారు తక్కువ.

ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానాకు 1977లో పద్మశ్రీ వచ్చింది. 2020లో కలీషాబీ మహబూబ్, షేక్ మహబూబ్ సుభానీ దంపతులకు వచ్చింది. సన్నాయికి ఢిల్లీలో గౌరవం ఉంది. పెళ్ళిపందిట్లో కూర్చోవడానికి చాప ఉండదు. చిన్ననాటి నుంచి ఏళ్ళ తరబడి సాధన చేస్తేగాని పట్టుబడని ఈ విద్యను కొడుకుకు నేర్పడానికి తండ్రే జంకుతున్నాడంటే ఆశ్చర్యమేముంది?

తప్పంతా పెళ్ళివారిదే అనడం న్యాయం కాదు. ఒకే ముహూర్తానికి రెండుచోట్ల బయానా తీసుకునేవారు, ఆలస్యంగా వచ్చేవారు, తాగి వచ్చి పరువు తీసేవారు మేళాల్లోనూ ఉన్నారు. వారి వల్ల మంచివారికి కూడా మాట పడుతున్నది. దీనిని సరిదిద్దుకోవలసినది మేళాల పెద్దలే.

చేయదగిన పనులు పెద్దవేమీ కావు. మేళం మాట్లాడుకున్న రోజునే మొత్తం ఎంత, వచ్చేది ఎందరు, ప్రయాణం ఖర్చు ఎవరిది అన్నవి కాగితంపై రాసుకోవాలి. బాకీ తాళి కట్టకముందే చెల్లించాలి. ముహూర్తపు రాత్రుల్లో మేళగాళ్ళు వాద్యాలు పెట్టుకుని నడుము వాల్చే చోటు కొండపై కేటాయిస్తే దేవస్థానానికి పెద్ద భారం కాబోదు. మేళాలవారు కూడా అసంఘటిత కార్మికుల కోసం 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి.

ప్రభుత్వాల బాధ్యత కూడా ఉంది. 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు చేర్చారు. అందులో క్షౌరవృత్తి ఉంది, పూలదండల వృత్తి ఉంది. కాని క్షౌరవృత్తి కుటుంబాలు అనేకం తరతరాలుగా నమ్ముకున్న సన్నాయికి, డోలుకు చోటు లేదు. రాష్ట్రంలో డప్పు కళాకారులకు పింఛను ఇస్తున్నారు. అది సబబైన పని. ఊపిరి తగ్గి సన్నాయి పక్కన పెట్టిన వృద్ధునికీ, వేళ్ళు పట్టుతప్పిన డోలు కళాకారునికీ అలాంటి ఆసరాయే కావాలి. ప్రజాప్రతినిధులు ఈ విషయం పట్టించుకోవాలి.

వచ్చే ముహూర్తాలకు ముందే పెళ్ళివారు ఒక్క మాట గుర్తుంచుకుంటే మంచిది. గట్టిమేళం మోగించేవాడు కూడా ఆ పెళ్ళికి వచ్చిన మనిషే. అతనికి వేళకు విస్తరి వేయడానికి ఏ పథకమూ అక్కరలేదు.