రేటింగ్‌లో పడని బర్కత్

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో అప్రైజల్ మొదలైతే మన ఇళ్లలో తెలిసిపోతుంది. దస్తర్‌ఖాన్ దగ్గర కూడా పిల్లల కళ్లు ఫోన్ మీదే. అమ్మీ "క్యా హువా బేటా" అంటే "కుఛ్ నహీఁ" అంటారు. ఆ 'కుఛ్ నహీఁ' వెనక ఒక అంకె ఉంటుంది. ఐదుకి మూడు. ఎన్ని టికెట్లు క్లోజ్ చేశావు, ఎన్ని గంటలు బిల్ అయ్యాయి, అంతా హిసాబ్. కొత్తగా చేరిన అమ్మాయికి పని నేర్పినవాడు, అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఎవరి మీదా అరవకుండా అందరితో పని చేయించినవాడు ఆ హిసాబ్‌లో కనపడరు.

ఈ అంకెల పిచ్చికి అమెరికా బేస్‌బాల్‌ను మిసాల్‌గా చూపేవాళ్లున్నారు. 2002లో ఓక్లాండ్ జట్టు తక్కువ డబ్బుతో, ఆటగాళ్ల లెక్కలు లోతుగా తవ్వి, వరసగా 20 మ్యాచ్‌లు గెలిచింది. దాని మీద పుస్తకం వచ్చింది, సినిమా వచ్చింది. ఆ సీజన్‌లో 103 మ్యాచ్‌లు గెలిచిన జట్టే నాకౌట్ మొదటి రౌండ్‌లో ఇంటికి పోయింది. లెక్కలు ఝూట్ అని నేననను. చౌకగా మంచి ఆటగాణ్ని వెతకడానికి అవి కావాలి. కాని జట్టంటే లెక్కలొక్కటే కాదు.

మిసాల్ కోసం అంత దూరం పోనక్కర్లేదు, మన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ ఉన్నారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిందంటే ఆ ఉస్తాద్ మెహనతే. 'మైదాన్' సినిమా వచ్చాక మన పిల్లలకూ ఆయన పేరు తెలిసింది, షుకర్.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో మనవాళ్లు 0-2తో ఓడారు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరంతో ముందు మ్యాచ్‌లకు దూరం. ఇజ్రాయెల్, తైవాన్ వ్యవహారంలో మన అధికారి ఒకరు అన్న మాటలకు మండిపడి స్టేడియంలో లక్షమంది మనవాళ్లకు ఎదురు తిరిగి ఉన్నారు. ఇవాళ్టి డ్యాష్‌బోర్డ్ ఏమంటుంది? రహీమ్ సాబ్ తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను ముందుకు, ఫార్వర్డ్‌గా పంపారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1, బంగారు పతకం.

దీన్ని కరామత్ అనుకుంటే రహీమ్ సాబ్‌కు అన్యాయం చేసినట్టే. జర్నైల్ కాలేజీలో ఫార్వర్డ్ ఆడినవాడు, ఆ సంగతి గుర్తుపెట్టుకున్న ఉస్తాద్ ఆయన. అమ్ముగూడ నుంచి ప్రాక్టీస్‌కు రావడానికి డబ్బుల్లేని తులసీదాస్ బలరామ్‌కు అద్దె సైకిలు డబ్బులు తానే ఇచ్చారు. ఒక్కొక్క మనిషినీ అలా ఏళ్ల తరబడి చదివిన తర్బియత్ అది. ఆ జట్టులో సిక్కు ఉన్నాడు, బెంగాలీ బ్రాహ్మణుడు ఉన్నాడు, క్రైస్తవుడు ఉన్నాడు, మన యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. ఒకరి మీద ఒకరికి భరోసా ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పాలా? అప్పటికే కేన్సర్ ఆయన్ని తింటోంది. ఏడాది తిరక్కుండా, 1963 జూన్‌లో వెళ్లిపోయారు. అల్లాహ్ మగ్‌ఫిరత్ చేయుగాక.

ఇక్కడ మేనేజర్ సాబ్‌లకు ఒక మాట. జజ్బా గొప్పదన్నానని, "మనమంతా ఒక ఫ్యామిలీ" అంటూ శనివారం పిలిచి పని చేయించుకోమని కాదు. గచ్చిబౌలి స్టేడియంలో ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీనే చూడండి. 2020లో లీగ్‌లో ఆఖరి స్థానం. 2022 మార్చిలో ఫైనల్ పెనాల్టీల దాకా వెళితే కట్టిమణి మూడు ఆపాడు, కప్ మనది. అదే జట్టు 2023-24లో జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోతే సీజన్ మొత్తంలో ఒక్కటే మ్యాచ్ గెలిచింది. చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వమన్న హుకుం మనకు కొత్తదా?

కాబట్టి టీమ్ లీడ్లుగా ఉన్న మన అబ్బాయిలు, అమ్మాయిలు ఎందరో ఉన్నారు, వాళ్లకు నా దర్ఖాస్త్ ఒకటే. రేటింగ్ ఫారం అడుగున కామెంట్లకు ఒక ఖాళీ డబ్బా ఉంటుంది, చాలామంది "గుడ్ వర్క్" అని రాసి వదిలేస్తారు. అర్ధరాత్రి అరవకుండా నిలబడ్డవాడి పేరు, ఏం చేశాడో, తారీఖుతో సహా అందులో రాయండి. ఇంక్రిమెంట్ల మీటింగ్‌లో ఆ కాగితం చేతిలో పట్టుకుని అతని కోసం మాట్లాడండి. ఇంట్లో అమ్మీ, అబ్బాలు కూడా "ఎంత వచ్చింది" అని కాకుండా "ఈ ఏడాది నీ పక్కన ఎవరు నిలబడ్డారు బేటా" అని ఒకసారి అడిగి చూడండి.