మన గూడెం లేని డబ్బాలో మనం ఏం నింపాలి?

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

పోయిన నెల మా హాస్టల్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తులు పెట్టాం. గదిలో ఎనిమిది మందిమి, సరిగ్గా పనిచేసే ఫోన్లు మూడు. ఒక తమ్ముడి దరఖాస్తుకే నాలుగు రోజులు పట్టింది. వాడిది చింతూరు వైపు గూడెం. వాడు పుట్టినప్పుడు అది ఖమ్మం జిల్లా. 2014లో ముంపు మండలాలను ఆంధ్రలో కలిపాక తూర్పు గోదావరి అయింది. 2022లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. చిన్నప్పుడు తీసిన ఆధార్‌లో ఒక జిల్లా, స్కూలు సర్టిఫికెట్‌లో ఇంకొకటి, కుల ధ్రువీకరణ పత్రంలో మూడోది. సైటేమో మూడూ ఒకటే ఉండాలంటది. జిల్లాలు మార్చింది ప్రభుత్వమే కదా, పాత జిల్లా ఏది కొత్త జిల్లా ఏది అన్న జాబితా కూడా వాళ్ళ దగ్గరే ఉంటది. ఆ లెక్క మా తమ్ముడు ఎందుకు తేల్చాలి?

అది దాటితే ఊరి పేరు. జాబితాలో రెవెన్యూ గ్రామం ఉంది, గూడెం లేదు. తర్వాత డోర్ నంబర్, పక్కన ఎర్ర చుక్క, నింపకపోతే ముందుకు పోదు. గూడెంలో ఇళ్ళకు నంబర్లు ఎక్కడివి? తర్వాత తండ్రి వృత్తి: వ్యవసాయం, కూలీ, వ్యాపారం, ఉద్యోగం, వీటిలో ఒకటే నొక్కాలి. వాళ్ళ నాన్న వానాకాలం పోడు చేస్తాడు, ఎండాకాలం తునికాకు కోస్తాడు, ఇప్పపువ్వు ఏరుతాడు, మధ్యలో మిరప తోటలకు కూలికి పోతాడు. ఏది నొక్కాలి?

ఆఖరికి ఓటీపీ. ఆధార్‌కు లింకైన నంబరు వాళ్ళ నాన్న దగ్గరుంది. సిగ్నల్ గుట్ట మీదే. ఓటీపీ గడువు పది నిమిషాలు, గూడెం నుంచి గుట్ట మీదికి నడక అరగంట.

నాలుగో రోజు నెట్ సెంటర్‌కు పోయి 150 రూపాయలు ఇచ్చాం. వాళ్ళ నాన్న పొద్దున్నే గుట్టెక్కి కూర్చున్నాడు. సెంటర్ అతను డోర్ నంబర్ దగ్గర 1-1 కొట్టాడు, వృత్తి దగ్గర కూలీ అన్నాడు, ఊరు దగ్గర పక్క ఊరు పెట్టాడు. అయిపోయింది. అంటే నిజం రాసిన మూడు రోజులూ ఆగిన దరఖాస్తు అబద్ధం రాయగానే కదిలింది. రేపు వెరిఫికేషన్‌లో "తప్పుడు వివరాలు ఇచ్చారు" అని నోటీసు వస్తే, అది ఆ సెంటర్ అతని పేరు మీద రాదు, మా తమ్ముడి పేరు మీద వస్తది.

ఇన్నాళ్ళూ ఇలా ఆగినప్పుడల్లా "మనకు కంప్యూటర్ రాదు" అనుకున్నాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదటోళ్ళం, అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు, కాబట్టి తప్పు మనదే అనుకోవడం అలవాటైంది. ఇప్పుడు ఆ మాట ఒప్పుకోం. సైట్ కట్టినవాళ్ళు ఆఫీసుకు ఏ వివరాలు కావాలో అడిగారు గానీ, ఆ సైట్‌కు వచ్చే పిల్లాడి చేతిలో ఏముంటదో అడగలేదు.

ఇది మా సొంత కొత్త మాట కాదు. బ్రిటన్ ప్రభుత్వం 2012లో తన సైట్ల కోసం రాసుకున్న డిజైన్ సూత్రాల్లో మొదటిదే వాడేవాళ్ళ అవసరాలతో మొదలుపెట్టాలని. పేరు రాయడానికి కూడా ఒకే పెట్టె పెడితే ఎక్కువ రకాల పేర్లు ఇముడుతాయని వాళ్ళ సూచన. మనకు ఇంటిపేరు ఒక పత్రంలో ముందు, ఒకదాంట్లో వెనక, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరం. ఈ ఒక్క బాధ తగ్గినా సగం దరఖాస్తులు ఆగవనిపిస్తది. మన దేశంలో కూడా ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు 2009 నుంచే ఉన్నాయి. ఇక పరీక్షించడం అంటారా, జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లోనే రాశాడు, ఐదుగురిని కూర్చోబెట్టి వాడించి చూస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని. ఐదుగురే. మా ఒక్క గదిలోనే ఎనిమిది మందిమి ఉన్నాం.

"దొంగ దరఖాస్తులు ఆపాలంటే గట్టిగా అడగాలి కదా" అని ఒక సీనియర్ అన్న అన్నాడు. నిజమే, ప్రజల డబ్బు, చూసుకునే ఇవ్వాలి. కానీ కుల పత్రం నంబర్ కొడితే అందులోని వివరాలు వాళ్ళకే కనిపించాలి, మళ్ళీ మనతో ఎందుకు టైప్ చేయించడం? జాబితాలో లేనిది రాసుకోవడానికి ఒక ఖాళీ పెట్టె, సగం నింపింది దాచుకునే వీలు, ఓటీపీకి ఇంకొంచెం టైం. వీటివల్ల దొంగలెవరూ పెరగరు.

ఒక మాట మనల్ని మనం కూడా అనుకోవాలి. మన కుర్రాళ్ళే కట్టిన ఒక సంఘం సైట్ తెరిచాం. మొదట నాయకుల ఫొటోలు, తర్వాత ఆగస్టు 9 సభ ఫొటోలు, అవి లోడయ్యేసరికి డేటా అయిపోద్ది. చివరి తేదీ ఎక్కడో అడుగున, స్కాన్ చేసిన కాగితంలో, అదీ పక్కకు తిరిగి. మా ఫస్టియర్ చెల్లెళ్ళను మీకేం కావాలని అడిగితే మూడే చెప్పారు: చివరి తేదీ, ఏ కాగితాలు, ఎవరికి ఫోన్ చెయ్యాలి. అందుకే మా హాస్టల్ వరకు ఒక పేజీ కడుతున్నాం. తెలుగులో ఆ మూడే పైన. ఫొటోలు లేవు. ఇంటి దగ్గర అమ్మానాన్నల కోసం కోయ భాషలో రెండు నిమిషాల ఆడియో, ఓటీపీ అంటే ఏంటి, ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అని. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటొచ్చింది, మనందరికీ సంతోషమే. కానీ ఏ లిపీ చదవని అమ్మకు గొంతే కావాలి.

మీ హాస్టల్‌లో ఎవరి దరఖాస్తు ఏ డబ్బా దగ్గర ఆగిందో, స్క్రీన్ మీద ఏం వచ్చిందో ఉన్నదున్నట్టు రాసి మాకు పంపండి. ఆధార్ నంబర్లు మాత్రం పంపకండి. అన్నీ కలిపి ఐటీడీఏ గ్రీవెన్స్‌లో ఇస్తాం. సైట్ కొత్తగా మార్చేటప్పుడు పరీక్షించడానికి మేము వచ్చి కూర్చుంటామని కూడా అర్జీలో రాస్తున్నాం. తమ్ముడి దరఖాస్తు ఈ రోజుకీ పెండింగ్ అనే చూపిస్తోంది.