తొలి గంటలో న్యాయవాది ఎవరికి?

మామిడి కోతలు ముగింపుకు వచ్చిన ఒక జూన్ రాత్రి నూజివీడుకు చేరువలోని మా ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడిన వ్యక్తి తోట కాపలాదారు. నేను పుట్టి పెరిగిన దళితవాడలోనే ఉంటారు, వరసకు అన్న అవుతారు. ‘తమ్ముడూ, మావాణ్ణి సెల్లు తీసుకుని పొద్దున్నే స్టేషనుకు రమ్మన్నారు. నీకు ప్లీడరు గారెవరైనా తెలుసా?’ అన్నారు.

ఆయన కుమారుడు డిగ్రీ విద్యార్థి. ఊరి యువకుల వాట్సాప్ గ్రూపులో రిజర్వేషన్లను ఎవరో ఎగతాళి చేశారు. ఈ అబ్బాయి ఘాటుగా బదులిచ్చాడు. అతని జవాబు ఒక్కటే స్క్రీన్‌షాట్ రూపంలో పోలీసులకు చేరింది. దానికి ముందున్న ఎగతాళి మాటలను రాసినవారే తుడిచేశారు. కులాల మధ్య వైరం పెంచాడన్నది అతనిపై ఆరోపణ.

నాకు ఫోన్ చేయడానికి ముందే ఆ తండ్రి మూడు గడపలు తొక్కారు. తోటను గుత్తకు తీసుకున్న వ్యాపారిని అడిగితే, ఫిర్యాదుదారు తనకు బంధువని తప్పించుకున్నాడు. పట్టణంలో ఒక న్యాయవాది, అవతలివారు తన పాత కక్షిదారులన్నారు. మరొకరు చెప్పిన ఫీజు, ఆ సీజను మొత్తం కాపలాకు వచ్చే కూలి కన్నా ఎక్కువ. వీరిలో ఎవరూ దుర్మార్గులని నేననను. తోటల పంపకాలు, గుత్త ఒప్పందాలు, చెక్కు కేసులపై ఆధారపడి సాగే న్యాయవాద వృత్తిలో కక్షిదారులు ఎవరై ఉంటారో ఊహించడం కష్టం కాదు. చిన్న పట్టణంలో న్యాయవాది పరిచయం ద్వారా దొరుకుతాడు. ఆ పరిచయం భూమి ద్వారా, బంధుత్వం ద్వారా వస్తుంది. మన సమాజంలో ఈ రెండింటి వెనుకా ఉన్నది కులమే. అందుకే న్యాయవాది దొరకకపోవడాన్ని కేవలం పేదరికంగా చూడటం అసంపూర్ణం.

విజయవాడలో ప్రాక్టీసు చేస్తున్న నా పూర్వ విద్యార్థినికి ఫోన్ చేశాను. ఆమె మూడే ప్రశ్నలు అడిగింది. లిఖితపూర్వక నోటీసు ఇచ్చారా? ఏ సెక్షన్లు? ఫోను ఇంకా అబ్బాయి చేతిలోనే ఉందా? మొదటి రెండింటికీ ఆ తండ్రి వద్ద సమాధానం లేదు. మరునాడు ఆమె చేరుకునే సరికి మూడో ప్రశ్నకూ కాలం చెల్లింది. అబ్బాయి ఫోను అప్పగించాడు, దాని తాళం చెప్పాడు, చదవకుండానే ఒక కాగితం మీద సంతకం పెట్టాడు.

అంతర్జాల నేరారోపణకూ, ఇతర ఆరోపణలకూ తేడా ఇక్కడే ఉంది. కొట్లాట కేసులో సాక్షులు ఊరిలో ఉంటారు. ఈ కేసులో సాక్ష్యం నిందితుని జేబులో ఉంటుంది. అతణ్ణి దోషిగా నిలబెట్టగల ఆధారమూ, నిర్దోషిగా చూపగల ఆధారమూ ఒకే పరికరంలో ఉంటాయి. ఆ ఎగతాళి మాటలు ఎక్కడైనా మిగిలి ఉంటే, ఆ ఫోనులోనే మిగిలి ఉండాలి. ఇప్పుడు అది అతని చేతిలో లేదు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయరాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇవ్వాలి. విచారణ సమయంలో న్యాయవాదిని కలిసే హక్కును 38వ సెక్షన్ ఇస్తోంది. జప్తు ప్రక్రియను వీడియో తీయాలని 105వ సెక్షన్ ఆదేశిస్తోంది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే మాటల, రాతల నేరాల్లో ముందుగా ప్రాథమిక విచారణ జరపడమే సముచితమని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సోషల్ మీడియా కేసుల్లో రిమాండుకు ముందు ఈ తీర్పులను పాటించాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అదే ఏడాది జూలైలో మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. ఎలక్ట్రానిక్ ఆధారాన్ని కోర్టులో నిలబెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం ఉండాలి. ఒంటరి స్క్రీన్‌షాట్ విలువను ప్రశ్నించడానికి ఇదొక ఆయుధం. ఫోను తాళం చెప్పమని నిందితుణ్ణి నిర్బంధించవచ్చా అన్నదానిపై న్యాయస్థానాలు ఇంకా ఒకే మాట మీద లేవు.

ఈ రక్షణలన్నీ అడిగితేనే పనిచేస్తాయి. అడగడానికి పక్కన ఒకరుండాలి. 2013లో చీరాల శాసనసభ్యుడిపై ఫేస్‌బుక్‌లో రాసినందుకు పౌరహక్కుల నాయకురాలు, న్యాయవాది జయ వింధ్యాలను ఐటీ చట్టం 66ఎ సెక్షన్ కింద అరెస్టు చేశారు. కొద్ది రోజుల్లోనే విషయం సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. సీనియర్ పోలీసు అధికారుల అనుమతి లేకుండా ఆ సెక్షన్ కింద అరెస్టులు చేయరాదని కోర్టు అన్నది. 2015లో శ్రేయా సింఘాల్ తీర్పుతో ఆ సెక్షనే రద్దయింది. అయినా కింది స్థాయిలో అది బతికే ఉండటంతో, ఇక దాని కింద ఎవరినీ విచారించరాదని 2022లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పేరున్నవారి అరెస్టు ఢిల్లీ దాకా వినిపించింది. తోట కాపలాదారు కొడుకు కేసు ఊరి పొలిమేర దాటదు.

కులంపై రాసిన రాతకు నేరారోపణ ఎదురవడం మనకు కొత్త కాదు. 1926లో మహారాష్ట్రలో ‘దేశాచే దుష్మన్’ అనే కరపత్రం రాసి, ప్రచురించిన బ్రాహ్మణేతర నాయకులపై పరువునష్టం కేసు పడింది. వారి తరఫున వాదించి గెలిచిన యువ బారిస్టరు డాక్టర్ అంబేడ్కర్. ఆయనను రాజ్యాంగ నిర్మాతగా తలచుకునే మనం, నిందితుల పక్షాన నిలబడిన న్యాయవాదిగా కూడా తలచుకోవాలి. తాను ఎంచుకున్న న్యాయవాదిని సంప్రదించే హక్కు 22వ అధికరణంలో ఊరికే చేరలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న ఎదురవుతుంది. దళితులను ఆన్‌లైన్‌లో దూషించి అట్రాసిటీ చట్టం కింద నిందితుడైన వ్యక్తికీ ఇదే హక్కు ఉండాలా? ఉండాలి. ఫలానా నిందితుని తరఫున వాదించబోమని బార్ అసోసియేషన్లు తీర్మానించడం చెల్లదని 2010లో ఎ.ఎస్. మొహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం అందరికీ వర్తిస్తుంది. కానీ అటువంటి నిందితునికి న్యాయవాది దొరకకపోవడం నేనెన్నడూ చూడలేదు. మా అన్న తిరిగిన మూడు గడపల్లో మాత్రం ఏ తీర్మానమూ లేదు. తీర్మానం ఉంటే కోర్టులో సవాలు చేయవచ్చు. మొహమాటాన్ని ఏ కోర్టులో సవాలు చేస్తాం?

1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. అరెస్టుకు ముందు దశలోనే, పోలీసు స్టేషన్‌లోనే న్యాయవాదిని అందించే పథకాన్ని జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2019లో రూపొందించింది. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మా అన్నకు ఇది తెలియదు. డిగ్రీ చదువుతున్న ఆయన కొడుక్కీ తెలియదు. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నేను సైతం ఆ రాత్రి సొంత పరిచయాన్నే ఆశ్రయించాను తప్ప ఆ నంబరును తలచుకోలేదు. ఇది నా వైఫల్యం కూడా.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. నోటీసు కాగితం మీదే ఉచిత న్యాయ సహాయం గురించి, 15100 నంబరు గురించి తెలుగులో అచ్చు వేయాలి. మండల స్థాయి న్యాయసేవా కమిటీల ప్యానెల్ న్యాయవాదులకు ఎలక్ట్రానిక్ సాక్ష్యంపై శిక్షణ ఇవ్వాలి. స్థానికంగా మొహమాటాలు అడ్డువచ్చిన చోట పక్క పట్టణపు న్యాయవాదిని నియమించాలి. సాంఘిక సంక్షేమ వసతి గృహాల్లో, కళాశాలల్లో ఏడాదికొకసారైనా ఈ హక్కులను బోధించాలి. మా విశ్వవిద్యాలయాలు ఈ పనిని దాతృత్వంగా కాక బాధ్యతగా స్వీకరించాలి.

ఆ అబ్బాయిని అరెస్టు చేయలేదు. న్యాయవాది అడిగాక నోటీసు ఇచ్చి పంపారు. కేసు మాత్రం నడుస్తోంది, ఫోను ఇంకా తిరిగి రాలేదు. రేపు ప్రభుత్వోద్యోగానికి దరఖాస్తు చేస్తే ఆ కేసు గురించి రాయవలసిన గడి అతని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

కారంచేడు మారణకాండకు నిరసనగా ప్రభుత్వ న్యాయవాది పదవిని వదులుకున్న బొజ్జా తారకం, సామాన్యుల కోసం ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అనే చిన్న పుస్తకం రాశారు. అది తొలిసారి వెలువడిన నాటికి మన వాడల్లో ఎవరి చేతిలోనూ సెల్‌ఫోన్ లేదు. ‘పోలీసులు ఫోను అడిగితే’ అనే అధ్యాయాన్ని ఇప్పుడు దానికి జోడించవలసి ఉంది. ఆయన తర్వాతి తరానికి చెందిన మేమే దాన్ని రాయాలి.